మామిడి పఫ్‌లో బటర్ ఎందుకు కారిపోతుంది, అడుగు ఎందుకు నానుతుంది?

మీరు రాసినదంతా రెండుసార్లు చదివానండీ. విజయవాడలో, ఏప్రిల్ ఎండలో, మధ్యాహ్నం రెండింటికి పఫ్ పిండి ఇంట్లోనే చేసుకున్నారు. బంగినపల్లి ముక్కల్లో పంచదార కలిపి, మధ్యలో పెట్టి, త్రికోణాలుగా మడిచి, ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లో, 180 డిగ్రీల దగ్గర పెట్టారు. పది నిమిషాలకే బటర్ ట్రేలో మడుగు కట్టింది. పఫ్‌లు ఆ బటర్‌లో వేగినట్టు అయిపోయాయి. పండు రసం బయటికి కారి ట్రేకి అంటుకుని మాడింది. పైన కాస్త పొంగింది కానీ అడుగు పచ్చిగా, జిగురుగా మిగిలింది. మార్జరిన్ (నూనెలతో చేసే, బటర్‌లాంటి కొవ్వు) వాడితే బాగుపడుతుందా, నెయ్యితో చేయొచ్చా, లేక ఈ ఎండల్లో ఇది మన ఇళ్లల్లో అయ్యే పని కాదని వదిలేయాలా అని అడిగారు. వచ్చే ఆదివారం బాబు పుట్టినరోజని కూడా రాశారు.

వదిలేయకండి. నేను హైదరాబాద్‌లో ఒక హోటల్ బేకరీలో ఏడేళ్లు పనిచేశాను. పదకొండేళ్లుగా రాజమండ్రిలో మా ఇంటి నుంచే ఆర్డర్లు చేస్తున్నాను. రాజమండ్రి ఎండ మీ విజయవాడ ఎండకేమీ తీసిపోదు. మే నెలలో కూడా మామిడి పఫ్‌లు చేసి ఇస్తాను. మీరు చెప్పిన మూడు లోపాలూ నాకు బాగా తెలిసినవే. మూడింటికీ మూలం ఒకటే, నీళ్లు. పిండిలో ఉన్న నీరు పఫ్‌ని పైకి లేపుతుంది, పండులో ఉన్న నీరు కిందికి కుంగదీస్తుంది. మొదటిదాన్ని పొరల మధ్య ఆపాలి, రెండోదాన్ని పండులోనే కట్టేయాలి. ఈ రెండూ జరిగితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

ముందు పొంగడం సంగతి చూద్దాం. మన తాపేశ్వరం మడత కాజా తిన్నారుగా. పల్చగా ఒత్తిన పిండి మీద నెయ్యి, పొడి పిండి పట్టించి చుట్టి, కోసి, వేయిస్తే పొరలు పొరలుగా విడుతుంది. పొరకీ పొరకీ మధ్య కొవ్వు ఉంటే పిండి ఒకదానికొకటి అంటుకోదన్న ఉపాయమే అక్కడా ఇక్కడా. తేడా ఏమిటంటే, పఫ్‌లో ఆ పని బటర్ చేస్తుంది, వేడి నూనెకి బదులు ఓవెన్ ఉంటుంది. ఓవెన్ వేడి తగలగానే పిండిలోని నీరూ, బటర్‌లోని నీరూ ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు విస్తరిస్తుంది. ఆ ఆవిరి బయటికి పోయే దారి లేక ఒక్కో పొరనీ ఎత్తుతుంది. ఈలోగా కరిగిన బటర్ పొరల్ని లోపలే వేయిస్తుంది, పిండి గట్టిపడి ఎత్తిన చోటే నిలిచిపోతుంది. ఈస్టు లేదు, సోడా లేదు, ఆవిరొక్కటే.

అందుకే ఓవెన్ బాగా మండుతూ ఉండాలి. ఆవిరి పుట్టేలోపు బటర్ కరిగి కారిపోతే ఎత్తేవాళ్లు ఉండరు. 180 డిగ్రీల దగ్గర మీకు జరిగింది అదే. అదీగాక ఓటీజీ డయల్ 180 అని చూపించినా లోపల 160 ఉండడం చాలాసార్లు చూశాను. మూడొందలో నాలుగొందలో పెట్టి ఓవెన్‌లో వేలాడదీసే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. బేకింగ్ కోసం కొన్న వస్తువుల్లో నాకు అంతగా పనికొచ్చింది ఇంకోటి లేదు.

అయితే మీ బటర్ ఓవెన్‌లోకి వెళ్లకముందే చెడిపోయిందని నా అనుమానం. బటర్ 32 నుంచి 35 డిగ్రీల దగ్గర పూర్తిగా కరుగుతుంది, ఇరవై దాటగానే మెత్తబడి పిండిలో ఇంకడం మొదలుపెడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం మీ వంటగదిలో ఎంత ఉండి ఉంటుంది? ముప్పై ఆరు, ముప్పై ఏడు? అంటే పొరగా ఉండాల్సిన బటర్ పిండిలో కలిసిపోయింది. అప్పుడది పఫ్ కాదు, బటర్ ఎక్కువైన బిస్కెట్ పిండి. దాన్ని ఏ ఓవెన్‌లో పెట్టినా కారుతుంది.

మార్జరిన్ గురించి. బేకరీల్లో కర్రీ పఫ్, ఎగ్ పఫ్, దిల్‌పసంద్ ఎక్కువగా పఫ్ మార్జరిన్‌తోనే చేస్తారు. అది బటర్ కన్నా చాలా ఎక్కువ వేడి దగ్గర గానీ కరగదు. మన ఎండల్లో, ఏసీ లేని బేకరీలో, రోజుకి వందల పఫ్‌లు ఒత్తేవాళ్లకి అది తప్పదు, వాళ్లని నేను తప్పుపట్టను. కారంగా ఉండే ఉల్లిపాయ కూర, ఉడికిన గుడ్డు ఉన్నచోట నాలుక దాన్ని పట్టించుకోదు. పండు దగ్గర మాత్రం దాచలేం. నోట్లో 37 డిగ్రీల దగ్గర కూడా కరగని కొవ్వు అంగిట్లో మైనంలా అతుక్కుంటుంది. బంగినపల్లి వాసన దాని కింద నలిగిపోతుంది. గుండెకి చెడు చేసే ట్రాన్స్ ఫ్యాట్ భయం మునుపటంత లేదు. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతం మించకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ఉంది. నేను మార్జరిన్ వద్దనేది రుచి కోసమే. పిల్లాడి పుట్టినరోజుకి, ఏడాదికోసారి వచ్చే మామిడితో, మీ చేత్తో చేస్తున్నారు. బటరే వాడండి.

నెయ్యి పఫ్‌కి పనికిరాదు. అందులో నీరు లేదు, పలకలా వంగే గుణమూ లేదు. మన ఎండలో గిన్నెలో నూనెలా ఉంటుంది, ఫ్రిజ్‌లో పెడితే రవ్వగట్టి విరుగుతుంది. కాజాలో చెల్లింది కదా అంటారేమో. అక్కడ పొడి పిండితో కలిపి దాన్ని నిలబెడతారు, పైగా పొంగు కూడా పఫ్ అంత అక్కర్లేదు. ఇంట్లో చిలికిన వెన్న కూడా వద్దు. ముద్దలో ఎక్కడ ఎంత మజ్జిగ దాగుందో చెప్పలేం. మామూలు అమూల్ బటర్ చాలు, అందులో 80 శాతం కొవ్వు ఉంటుంది. ఫ్రాన్స్‌లో పొరల పనికి 84 శాతం కొవ్వున్న బటర్ ప్రత్యేకంగా అమ్ముతారు. అది ఉంటే మంచిదే, లేకపోతే ఏ లోటూ లేదు. ఉప్పు బటర్ అయితే పిండిలో వేరే ఉప్పు వేయకండి. మామిడికి ఆ కాస్త ఉప్పదనం బాగుంటుంది.

ఇక పని. పన్నెండు పఫ్‌లకి నా కొలత ఇది. మైదా 250 గ్రాములు, అందులో కరిగించిన బటర్ 25 గ్రాములు, ఫ్రిజ్ నీళ్లు 125 మిల్లీలీటర్లు, ఒక టీస్పూన్ నిమ్మరసం. పొరలకి వంద గ్రాముల బటర్ ప్యాకెట్లు రెండు. పిండిని చపాతీ పిండిలా పది నిమిషాలు మర్దించకండి. ముద్దగా కూడితే చాలు, పైన గరుకుగా ఉన్నా ఫరవాలేదు. ఎక్కువ పిసికితే పిండి సాగే గుణం పెరిగి, తర్వాత ఒత్తిన కొద్దీ రబ్బరులా వెనక్కి ముడుచుకుంటుంది. చదరంగా అదిమి, గాలి తగలకుండా చుట్టి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి.

రెండు బటర్ ప్యాకెట్లూ పక్కపక్కన బేకింగ్ పేపర్ మీద పెట్టి, పైన ఇంకో కాగితం వేసి, అప్పడాల కర్రతో కొట్టండి. రుద్దడం కాదు, కొట్టడమే. 15 సెంటీమీటర్ల చదరపు పలక వస్తుంది, మందం ఒక సెంటీమీటర్ ఉంటుంది. దాన్నీ ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇక్కడే అసలు మెలకువ ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి. బటర్ పలకనీ పిండినీ ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మడవకూడదు. ఫ్రిజ్ చల్లదనంలో బటర్ రాయిలా ఉంటుంది. అప్పడాల కర్ర నొక్కగానే లోపల పెళ్లలుగా పగులుతుంది, ఆ పగుళ్ల దగ్గర పొర ఉండదు. ఎక్కువసేపు బయట ఉంచితే మెత్తబడి పిండిలో ఇంకుతుంది. మనకి కావలసింది 13 నుంచి 16 డిగ్రీల మధ్య బటర్. థర్మామీటర్ లేకపోయినా కాగితంతో సహా పలకని రెండు చేతుల్లోకి తీసుకుని టేబుల్ అంచు మీద కొద్దిగా వంచి చూడండి. పటుక్కున విరిగితే ఇంకో రెండు నిమిషాలు ఆగాలి. తోలు బెల్టులా విరగకుండా వంగితే సమయమైంది. వేలు పెడితే గుంట పడి వేలికి నూనె మెరుపు అంటితే దాటిపోయింది, మళ్లీ ఫ్రిజ్‌లోకే. పిండి కూడా అంతే గట్టిగా ఉండాలి. బటర్, పిండి రెండూ ఒకే మెత్తదనంలో ఉన్నప్పుడే కర్ర కింద కలిసి సాగుతాయి. ఎండాకాలంలో ఈ స్థితి మీ వంటగదిలో రెండు మూడు నిమిషాలే నిలుస్తుంది. జనవరిలో పావుగంట నిలుస్తుంది.

అందుకే మే నెలలో నేను పిండి పని తెల్లవారుజామున ఐదింటికి పెట్టుకుంటాను. ఏసీ గది ఉంటే ముందు రాత్రే అక్కడికి ఒక బల్ల చేర్చుకోండి. గ్రానైట్ గట్టు మీద చేసేటట్టయితే, స్టీలు పళ్లెంలో ఐసు ముక్కలు పోసి గట్టు మీద పది నిమిషాలు ఉంచి, తీసి, తడి పూర్తిగా తుడవండి. ఆ రాయి మీద పిండి ఒత్తితే తేడా చేతికే తెలుస్తుంది. మీ దగ్గరా మా దగ్గరా ఇంకో చిక్కుంది, ఉక్కపోత. ఫ్రిజ్‌లోంచి తీసిన పిండికి చెమట పడుతుంది. పొడి గుడ్డతో అద్దండి, దాని మీద మైదా చల్లుకుంటూ పోవద్దు. చల్లిన పిండిని ప్రతి మడతకీ ముందు బ్రష్‌తో దులపాలి, లేకపోతే ఉడికాక పొరల మధ్య పచ్చిపిండి వాసన వస్తుంది.

మడతలు ఇలా. పిండిని 22 సెంటీమీటర్ల చదరంగా ఒత్తి, బటర్ పలకని మధ్యలో అడ్డంగా తిప్పి, అంటే బటర్ మూలలు పిండి భుజాల మధ్యకి వచ్చేలా పెట్టి, నాలుగు మూలలూ కవరు మూసినట్టు మధ్యకి తెచ్చి అంటించండి. కర్రతో అక్కడక్కడా నొక్కి, తర్వాత 45 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు వచ్చేలా ఒకే దిక్కుగా ఒత్తండి. ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు. అది ఒక చుట్టు. ముప్పావుగంట ఫ్రిజ్. పావు వంతు తిప్పి మళ్లీ ఒత్తి, మళ్లీ మూడు మడతలు. హోటల్లో ఆరు చుట్లు చేసేవాళ్లం, అంటే 729 బటర్ పొరలు. ఇంట్లో, ఎండాకాలంలో, ఐదు చాలంటాను, 243 వస్తాయి. ఆరో చుట్టుకి వచ్చేసరికి పొరలు మరీ పల్చబడి, మన వేడికి పిండిలో కలిసిపోతాయి. పండు పఫ్‌కి కాస్త మందం పొరే బాగుంటుంది, కొరికితే కరకరమంటుంది. మధ్యలో ఎక్కడైనా బటర్ బయటికి తొంగిచూస్తే అక్కడ చిటికెడు మైదా అద్ది, ఉన్నది ఉన్నట్టు ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఇంకొక్కసారి ఒత్తేద్దాం అని తొందరపడితేనే అది చెడుతుంది.

షాపులో దొరికే ఫ్రోజెన్ షీట్ వాడుకోవచ్చా అంటే, పని తప్పుతుంది కాబట్టి మొదటిసారి చేసేవాళ్లకి మంచిదే. ప్యాకెట్ వెనక బటర్ అని ఉందో, వెజిటబుల్ ఫ్యాట్ అని ఉందో చూసుకోండి. బయట పెట్టి కరిగించకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి వాడండి.

ఇప్పుడు పండు. బంగినపల్లిలో నూటికి ఎనభై పాళ్లకి పైగా నీళ్లే. మీరు పచ్చి ముక్కల్లో పంచదార కలిపారు. పంచదార ముక్కలోని నీటిని బయటికి లాగింది, ఆ నీరు అడుగు పొరలోకి దిగింది, తడిసిన పొరలో బటర్, పిండి ఒకటైపోయాయి. ఇక అక్కడ ఆవిరి ఎత్తడానికి పొరే లేదు. మీ అడుగు పచ్చిగా ఉండడానికి ఓవెన్ తక్కువ కావడం సగం కారణం, ఇది సగం.

కాబట్టి ఆ పంచదారతోనే ముందుగా నీరు లాగించేద్దాం. గట్టిగా ఉన్న బంగినపల్లి పళ్లు తీసుకోండి. తొడిమ దగ్గర నొక్కితే కొద్దిగా మాత్రమే లొంగాలి. 400 గ్రాముల ముక్కలు, ఒక్కోటి సెంటీమీటర్ సైజు. 60 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు కలిపి అరగంట వదిలేయండి. జల్లెడలో వేసి రసం కిందికి దించండి, ముక్కల్ని నలపొద్దు. ఆ రసాన్ని ఒక్కదాన్నే వెడల్పు మూకుట్లో సగం అయ్యేదాకా మరిగించండి. టేబుల్ స్పూన్నర కార్న్‌ఫ్లోర్‌ని రెండు స్పూన్ల చన్నీళ్లలో కలిపి అందులో పోసి తిప్పండి. తెల్లగా, సున్నంలా కనిపించినంతసేపూ అది పచ్చిదే. అది గాజులా తేటపడి, లావుపాటి బుడగలు ఉప్మా ఉడికేటప్పుడు ఎగిరినట్టు టప్ టప్‌మని పేలాలి. అలా ఒక పూర్తి నిమిషం. అప్పుడు ముక్కలు వేసి రెండు నిమిషాలు తిప్పి దించేయండి. దించాకే ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం, రెండు యాలక్కాయల పొడి. నిమ్మరసం ముందే వేసి మరిగిస్తే పులుపుకి కార్న్‌ఫ్లోర్ పట్టు వదులుతుంది.

సరిగ్గా కుదిరిందో లేదో ఇలా చూడండి. చల్లటి స్టీలు ప్లేటు మీద ఒక స్పూను వేసి, ఒక నిమిషం ఆగి, వేలితో మధ్యలోంచి గీత గీయండి. గీత అలాగే ఉండాలి. రెండు వైపుల నుంచీ రసం మెల్లగా పాకి గీత మూసుకుంటే, అది ఓవెన్‌లో కూడా పాకుతుంది. తిరిగి పొయ్యి మీద పెట్టండి. కుదిరాక వెడల్పు పళ్లెంలో పరిచి ఆరనిచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి. గోరువెచ్చగా ఉన్నదాన్ని పఫ్‌లో పెట్టారంటే తెల్లారుజామున లేచి చేసిందంతా ఆ ఒక్క స్పూన్‌తో కరిగిపోతుంది.

దీనికి తోడు నేను ఇంకొకటి చేస్తాను. మామిడి తాండ్ర ఉంటుంది కదా, దాన్ని పల్చటి ముక్కలుగా కోసి ముందు పిండి మీద పరిచి, దాని మీద పండు పెడతాను. తాండ్ర ఎండిన రసమే కాబట్టి, ఉడికేటప్పుడు పండులోంచి దిగే కాస్త తడినీ అది తాగి మెత్తబడుతుంది, అడుగు పొర పొడిగా మిగులుతుంది. పైగా వట్టి పండుకి లేని చిక్కటి పులుపు వస్తుంది. విదేశీ వంటకాల్లో ఇక్కడ కేకు పొడి గానీ, బాదం పొడి గానీ చల్లుతారు. మామిడికి తాండ్రని మించింది లేదు.

చిన్నరసం, పెద్దరసం పఫ్‌కి వద్దు. అవి చేత్తో పిసికి జుర్రుకోవడానికే పుట్టాయి. ముక్క నిలవదు, పీచు మిగులుతుంది. కలెక్టర్ కాయ సగం పండినప్పుడు ముక్క చక్కగా నిలుస్తుంది, పులుపూ ఉంటుంది. మూడు వంతుల బంగినపల్లికి ఒక వంతు కలెక్టర్ కలిపితే నాకు చాలా ఇష్టం. సువర్ణరేఖ వాసన గొప్పది కానీ మెత్తన, రసం ఇంకొంచెం ఎక్కువ మరిగించుకోవాలి.

మామిడి కాలం అయిపోయాక ఏం చేయాలో మీరు అడగలేదు గానీ చెప్తాను, ఒకసారి చేయి తిరిగాక ఊరుకోరు. జామ ఈ పనికి మనవాళ్లు పట్టించుకోని బంగారం. క్యూబాలో, అక్కడి నుంచి వెళ్లినవాళ్లు ఉండే మయామీలో జామ పఫ్ రోజూ తినే పదార్థం. మనకి సందుకో జామ బండి ఉంది. పండిన జామల్ని ఉడికించి, గింజలు పోయేలా జల్లెడ పట్టి, ఆ గుజ్జుకి సగం తూకం పంచదార వేసి గరిటకి అంటకుండా ముద్ద కట్టేదాకా తిప్పండి. జామలో గుజ్జుని గట్టిపరిచే పెక్టిన్ సహజంగానే ఎక్కువ, కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు. ముక్కలుగా కోసి పెట్టుకోవచ్చు, చుక్క కారదు. ఆపిల్ అయితే ముక్కల్ని కొద్ది బటర్‌లో నీరు ఇగిరేదాకా మగ్గించాలి. ఎర్ర ఆపిల్ కొన్నిసార్లు పిండిలా చితికిపోతుంది, పచ్చ ఆపిల్ నిలుస్తుంది. ఫ్రాన్స్‌లో ఆపిల్‌ని గుజ్జు చేసే లోపల పెడతారు కాబట్టి చితికినా బాధపడక్కర్లేదు. పైనాపిల్ నీటి తొట్టి, మామిడికి చెప్పినట్టే చేసి రసం ఇంకా ఎక్కువ ఇగర్చాలి. చక్కెరకేళి అయితే బెల్లం పొడి, యాలకులు చల్లి అలాగే పెట్టేయొచ్చు.

సీతాఫలం మాత్రం ఓవెన్‌లో పెట్టకండి. వేడి తగిలితే దాని గుజ్జు చేదెక్కుతుంది. దానికి, బాగా మాగిన సపోటాకి, స్ట్రాబెర్రీకి పఫ్ గిన్నెలు ఖాళీగా కాల్చి, చల్లారాక, వడ్డించే ముందు పండూ క్రీమూ నింపండి. అడుగు నానే సమస్యే ఉండదు. మీకు ఆదివారం ధైర్యం చాలకపోతే మామిడిని కూడా ఇలాగే చేయొచ్చు.

మడత విషయం తొందరగా చెప్పేస్తాను. పిండిని మూడున్నర మిల్లీమీటర్ల మందాన, 35 సెంటీమీటర్ల వెడల్పు, 46 పొడవు వచ్చేలా ఒత్తి, పదునైన కత్తితో అంచులు కోసేసి, 11 సెంటీమీటర్ల చదరాలు పన్నెండు కోయండి. కత్తిని పైనుంచి కిందికి దించాలి, లాగకూడదు. లాగితే పొరలు అంచులో ఒకదానికొకటి అతుక్కుంటాయి. మధ్యలో ఒక నిండు టేబుల్ స్పూన్ పండు, అంతకు మించొద్దు. లోపలి అంచుకి సెంటీమీటర్ వెడల్పున నీళ్లు రాసి, మడిచి, వేళ్లతో అదమండి. మనలో చాలామంది ఇక్కడ అలవాటు కొద్దీ కజ్జికాయకి వేసినట్టు అంచు మెలి వేస్తారు, లేదంటే కజ్జికాయల అచ్చు తీస్తారు. మీ ఫొటోలో కూడా మెలి కనిపించింది. కజ్జికాయలో అంచు విడకూడదు, పఫ్‌లో అంచు విడాలి. మెలి వేసినచోట పొరలన్నీ నలిగి, అక్కడ గట్టి తాడులా మిగులుతుంది. కోసిన అంచుకి సెంటీమీటర్ లోపల నొక్కి, ఆ చివర వదిలేయండి.

తర్వాత తిరగేసి పెట్టండి, అడుగువైపు నున్నగా ఉంటుంది. గుడ్డు పచ్చసొనలో ఒక స్పూను పాలు కలిపి పైన మాత్రమే రాయండి. పక్క అంచులకి కారితే గుడ్డు జిగురులా పట్టి పొరల్ని లేవనివ్వదు. గుడ్డు తిననివాళ్లకి చిక్కటి మీగడ పాలు చాలు. పైన రెండు చోట్ల టూత్‌పిక్‌తో పొడవండి, లోపలి ఆవిరి అటునుంచి పోతుంది, అంచు తెంచుకోదు. ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి.

ఓవెన్ 220 డిగ్రీలు, పైనా కిందా రెండు రాడ్లూ ఆన్, కనీసం 25 నిమిషాలు వేడెక్కాలి. లైట్ ఆరగానే పెట్టేయొద్దు. గాలి వేడెక్కినా ఓవెన్ గోడలూ, లోపలి రాక్ కూడా వేడెక్కి ఉండవు. అడుగు కోసం నా దగ్గర నమ్మకమైన ఉపాయం ఇనప పెనం. పిడి లేని దోశ పెనం మీ ఓటీజీలో పడితే, దాన్ని కింది రాక్ మీద పెట్టి ఓవెన్‌తో పాటే కాగనివ్వండి. పఫ్‌ల్ని బేకింగ్ పేపర్ మీద సర్దుకుని, చల్లటి ట్రేతో కాకుండా, కాగితంతో సహా ఆ కాగిన పెనం మీదికి జార్చండి. అడుగు పొరకి తగిలిన క్షణం నుంచే ఆవిరి పుడుతుంది. కాగితం 220 డిగ్రీలు తట్టుకునేదై ఉండాలి, చపాతీలు చుట్టే పల్చటి బటర్ పేపర్ పొగలొస్తుంది. పెనం పట్టకపోతే మీ ట్రేనే బోర్లించి కాగనివ్వండి.

మొదటి పావుగంట తలుపు తీయకండి, ఎంత ఆత్రంగా ఉన్నా. తర్వాత 190కి తగ్గించి ఇంకో 15 నుంచి 20 నిమిషాలు. బంగారు రంగు రాగానే తీసేస్తారు చాలామంది, అది తొందరపాటు. పక్క అంచుల్లో, పొరల మధ్య కూడా తెలుపు పోయి గోధుమ రంగు రావాలి. ఒకటి ఎత్తి అడుగు గోటితో తట్టండి. అప్పడం తట్టినట్టు పొడి చప్పుడు రావాలి. పైన మరీ ముదురుతుంటే రేకు కప్పండి. తీసిన వెంటనే, వేడి మీదే, పల్చటి పంచదార పాకం బ్రష్‌తో రాస్తే గాజులా మెరుస్తుంది. జల్లి స్టాండ్ మీద ఆరనివ్వాలి, పళ్లెంలో కాదు. స్టీలు డబ్బాలో వేడివి పెట్టి మూత పెడితే వాటి ఆవిరికే అవి మెత్తబడతాయి.

ఆర్డర్లు మొదలుపెట్టిన ఏడాది, ఒక నిశ్చితార్థానికి అరవై మామిడి పఫ్‌లు ఒప్పుకున్నాను. ముందు రోజు సాయంత్రమే పండు నింపి, మడిచి, పొద్దున్న కాల్చుకుందామని ఫ్రిజ్‌లో పెట్టాను. పిండి బాగా వచ్చింది, పండు గీత పరీక్ష కూడా నెగ్గింది. పొద్దున్న చూస్తే ప్రతి పఫ్ అడుగునా పసుపు మచ్చ. పన్నెండు గంటల్లో పిండి పండులోని తడిని మెల్లగా తాగేసింది. అరవైకి అరవై, అడుగులు లేవలేదు. ఆ పూట వాళ్లకి వేరే మిఠాయి తెప్పించి ఇచ్చాను, డబ్బు తీసుకోలేదు. అప్పటి నుంచి నింపిన పఫ్‌ని ఫ్రిజ్‌లో గంట కూడా ఉంచను. నింపితే కాల్చాలి, లేదా వెంటనే ఫ్రీజర్‌లో గడ్డ కట్టించాలి. గడ్డ కడితే తడి కదలదు. ఫ్రీజర్ నుంచి నేరుగా, కరగనివ్వకుండా, 220 దగ్గర 18 నిమిషాలు, తర్వాత 190 దగ్గర ఇంకో 18 నుంచి 20.

మీ ఆదివారానికి ఇదే పద్ధతి పెట్టుకోండి. శుక్రవారం రాత్రి పండు వండి ఫ్రిజ్‌లో పెట్టండి, పిండి కలిపి, బటర్ పలక కొట్టి ఉంచండి. శనివారం ఐదింటికి లేస్తే ఎండ ముదిరేలోపు ఐదు చుట్లూ అయిపోతాయి. సాయంత్రం దాకా పిండి ఫ్రిజ్‌లో ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక ఏసీ గదిలో ఒత్తి, నింపి, గుడ్డు రాయకుండా, ట్రే మీద ఒకదానికొకటి తగలకుండా ఫ్రీజర్‌లో పెట్టేయండి. ఒకటి మాత్రం అప్పుడే కాల్చి చూడండి, మీ ఓవెన్ సంగతి తెలిసిపోతుంది. అడుగు మెత్తగా వస్తే ఆదివారం ఇంకో పది నిమిషాలు ఎక్కువ వేడెక్కనివ్వాలి, పైన ముదిరితే ఒక రాక్ కిందికి దించాలి. ఆదివారం కేకు కోయడానికి రెండుంపావు గంటల ముందు ఓవెన్ వెలిగించండి. పెనం కాగాక గడ్డ కట్టిన పఫ్‌ల మీద గుడ్డు రాసి పెట్టండి. పన్నెండూ ఒకేసారి ఇరికించవద్దు, ఆరేసి చొప్పున రెండు వాయిలు. మొదటి వాయి చల్లారితే రెండోది తీశాక 170 దగ్గర ఏడెనిమిది నిమిషాలు వేడి చేస్తే మళ్లీ కరకరలాడతాయి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి. లోపలి పండు బయటికి తెలియనంత వేడిగా ఉంటుంది, పిల్లల చేతికి ఇచ్చే ముందు పావుగంట ఆరనివ్వండి.

శనివారం రాత్రి కాల్చిన ఆ ఒక్కదాన్నీ మధ్యకి కోసి, అడుగు కనిపించేలా ఫొటో పెట్టండి. ఆదివారం పొద్దున్నే చూసి, ఏం మార్చాలో చెప్తాను.